కుక్కకాటు తిన్న బాతులను బ్రదికించుకొనుట

గడచిన మార్గశిర మాసమున, వరిచేలలో మినుము చల్లుటను గుఱించి నాలుగు మాటలు చెప్పుటకై మేము కైకలూరు ప్రాంతమున కొల్లేటి గట్టుననున్న యొక గ్రామమునకు పోయి, ఆ రాత్రి యచ్చటనే బస చేసితిమి. ఇంకను తెల్లవాఱకమునుపే సంఘ సభ్యురాలగు నొక వృద్ధురాలు వచ్చి తలుపు తట్టి, "బాబుగారూ, నా బాతుల్ని కుక్కలు పొట్టన పెట్టుకున్నాయి. ఒక్కసారి వచ్చి చూడండి" అని పిలిచెను.

మేము పోయి చూడగా గూటి తడిక యొక ప్రక్క క్రిందినుండి త్రవ్వబడియుండెను. పదునాలుగు బాతులలో అయిదు చచ్చి పడియుండెను, ఆఱింటికి గాయములు, మూడు మాత్రము మూల నక్కియుండి యే దెబ్బయు తగులక మిగిలినవి. ఆ బాతులు సంఘపు అప్పుతో కొనినవి. మూడు వాయిదాల సొమ్ము ఇంకను చెల్లవలసియున్నది. మేము చేరునప్పటికే యొక బేరగాడు గుమ్మమున నిలిచి, మిగిలిన తొమ్మిదింటిని సగము వెలకంటె తక్కువకు ఇమ్మని యడుగుచుండెను. "దెబ్బ తిన్న బాతు సాయంత్రానికి చస్తుంది, అప్పుడు ఊరికే ఇచ్చినా నేను తీసుకోను" అని యతని వాదము. ఆమె మా మొగము చూచి, "అమ్మెయ్యమంటారా బాబూ?" అని యడిగెను.

అమ్మవలదని మేము చెప్పితిమి. చెప్పుట తేలిక, చెప్పినందుకు తరువాతి పది దినములు మేమును ఆ గూటికి కట్టుబడితిమి. అప్పుడు చేసిన పనులను, అందు మేము చేసిన తప్పుతోకూడ, ఈ పత్రిక చదువరుల కుపయోగపడునని యిచట వ్రాయుచున్నాము. కోళ్లను గుఱించి చెప్పువారు పెక్కుమంది కలరు. బాతును గుఱించి చెప్పువారు తక్కువ. బాతు కోడివంటిదేకదా యని చేసిన వైద్యము కొన్నియెడల హాని చేయును.

దెబ్బ తిన్న బాతు మూడు విధములుగా చచ్చును. నెత్తురు పోయి చచ్చుట మొదటిది; అది నిమిషములలో తేలిపోవును. వెఱపుచేతను చలిచేతను క్రుంగి, కొన్ని గంటలలో చచ్చుట రెండవది. గాయము చీము పట్టి, విషము నెత్తురున కెక్కి, రెండవనాటికో మూడవనాటికో చచ్చుట మూడవది. బేరగాడు చెప్పినది రెండవ విధమగు చావును గుఱించియే. అతడు చెప్పినదానిలో కొంత నిజము లేకపోలేదు. అయితే యా రెండవ చావును ఆపుటకు మందక్కఱలేదు. ఒక గంప, ఒక పాత దుప్పటి, సందడిలేని మూల ఉండిన చాలును. మన పల్లెలలో ఈ మూడింటికిని కొఱతలేదు. కొఱత యంతయు చివరిదానికే. గాయపడిన పక్షిచుట్టు ఊరంతయు మూగి, ఒకడు ఱెక్క యెత్తి చూచి, ఒకడు తల పైకెత్తి, పిల్లలు వేలితో పొడిచి చూచుచుందురు. దానిని కఱచిన కుక్క యెట్టిదో బాతు దృష్టికి మనుష్యుడును అట్టివాడే.

కావున మొదట నెత్తురును చూడవలెను. ఒకటిన్నర కిలో తూగు బాతునందుండు నెత్తురు దాని తూకములో పదియవ వంతునకు మించదు. అనగా చిన్న గ్లాసెడు. చూపునకు కొంచెముగా తోచిన నెత్తురు దానికి కొంచెము కాదు. ఉతికిన నూలుగుడ్డను మడత పెట్టి, గాయముపై నుంచి, అయిదు నిమిషములు విడువక అదిమి పట్టవలెను. మధ్యమధ్య ఎత్తి చూచినచో కట్టిన నెత్తురు మఱల తెగును. గోరు విఱిగి నెత్తురు కాఱుచున్నచో ఆ గోటి కొనకు పొడి బియ్యపుపిండి అద్దిన చాలును. ఆ పిండిని మాంసపు గాయములో మాత్రము పోయరాదు. ఎదుగుచున్న యీక మొదట విఱిగినను నెత్తురు చాల పోవును; అచట గట్టిగా అదిమి పట్టి, ఆగనిచో వైద్యునికి చూపవలెను.

ఈ పని ముగిసినతోడనే దెబ్బ తిన్నవానిని వేఱువేఱు గంపలలో, పొడి గడ్డి పఱచి, పైన గుడ్డ కప్పి, చీకటిగనున్న చోట నుంచవలెను. మన యొంటి వేడి 98 డిగ్రీలు కాగా, బాతు యొంటి వేడి 106, 107 డిగ్రీల వఱకు ఉండును. క్రుంగిన పక్షి యా వేడిని నిలుపుకొనలేదు. కాళ్లు, ముక్కు చల్లబడి, కన్నులు సగము మూసి, మెడ వ్రేలవేసినచో అది చలిలో నున్నదని యెఱుగవలెను. శీతకాలమున 60 వాట్ల బల్బు నొకదానిని గంప కొక ప్రక్కగా, మూరెడు దూరమున వ్రేలాడదీసిన మంచిది. ఒక ప్రక్కగా అనుటకు కారణము కలదు: వేడి మిక్కుటమైనచో బాతు తానే రెండవ ప్రక్కకు జరుగగలిగియుండవలెను. నోరు తెఱచి ఎగరోజుచున్నచో వేడి ఎక్కువైనదని గ్రహించి బల్బును తీసివేయుడు. మన వేసవిలో బల్బుతో పనియే లేదు. నీడయు గాలియు చాలును. కరెంటు లేనిచోట సీసాలో వెచ్చని నీరు పోసి, గుడ్డ చుట్టి ప్రక్కన పెట్టవచ్చును.

ఇక మా తప్పు. ఆ యాఱింటిలో అన్నిటికంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టు బాతు గాయము చూడ చిన్నది. అది మెడ వ్రేలవేసి యుండుట చూచి, దప్పికచేత నట్లున్నదని తలచి, మేము చెంచాతో దాని నోట నీళ్లు పోసితిమి. అది రెండుమార్లు మ్రింగినట్లే కనబడి, మూడవమారు తలవిదిల్చి, గురగురలాడి, మధ్యాహ్నమునకు చచ్చెను. బాతు నాలుక మొదటనే ఊపిరిగొట్టపు నోరు తెఱచియుండును. క్రుంగిన పక్షికి దానిని మూసికొను శక్తియుండదు. పోసిన నీరు కడుపునకు పోక ఊపిరితిత్తులకు పోవును. ఇరువది యేండ్లుగా రైతులకు బోధలు చేయుచున్న మేము ఈ పాటి తెలియక చేసితిమని కాదు. తెలిసియు, ఆమె చూచుచున్నది గదా ఏదో యొకటి చేయవలెనను తొందరలో చేసితిమి. కుర్చున్నవాడు చేసినది సరియై, లేచి చేసినవాడు చేసినది తప్పైన సందర్భ మిది. చదువరు లెవ్వరును నోట నీరు పోయకుందురుగాక. తల తనంతట తాను నిలుపుకొన్న తరువాత, రెండు గంటలకో మూడు గంటలకో, ముక్కు ముంచుకొనుటకు చాలినంత లోతుగల గిన్నెలో నీరు పెట్టినచో అదియే త్రాగును. ఆ మొదటి నీటిలో మందుల దుకాణమున అమ్ము విరేచనముల ఉప్పుపొడి పొట్లమును, పొట్లముపై వ్రాసిన కొలత ప్రకారము, కలిపిన మేలు. అది లేనిచో లీటరు నీటికి చెంచాడు పంచదారయైనను చాలును.

పశువైద్యునికి కబురు పంపుట ఈ పనులతోపాటే జరుగవలెను. మా వైద్యుడు పది గంటలకు వచ్చెను. సంచార పశువైద్య వాహనమునకై 1962 అను సంఖ్యకు ఫోను చేయవచ్చునని పశువుల విషయమున చాలమందికి తెలియును. బాతులకై ఎట్లు పిలుతుమని సిగ్గుపడువారు కలరు. అప్పుపెట్టి కొన్న బాతు ఎద్దుకంటె తక్కువయేమి? సిగ్గుపడక పిలువుడు.

గాయములను కడుగుట

పక్షి కొంత తేరుకొనిన తరువాతనే గాయమును కడుగవలెను. మరిగించి చల్లార్చిన లీటరు నీటిలో సన్నని ఉప్పు 9 గ్రాములు, అనగా చిన్న చెంచాతో తలకొట్టి ఒకటిన్నర చెంచా, కలిపిన నీరు శ్రేష్ఠము. ఇది యొంటిలోని ఉప్పుతో సమానమగుటచేత మంటపుట్టదు. సూదిలేని పెద్ద పిచికారీతో ఈ నీటిని గాయము లోపలినుండి వెలుపలికి పాఱునట్లు కొట్టవలెను. మట్టి, ఈకల ముక్కలు, గడ్డి పోయిన తరువాత, పొవిడోన్ అయోడిన్ అను మందును నీటిలో పలుచని టీ రంగు వచ్చువఱకు కలిపి దానితో మఱియొకమారు కడుగవచ్చును. సీసాలోని చిక్కని మందును అట్లే పోయరాదు. గాయము చుట్టునున్న యీకలను పెఱుకరాదు, కత్తెరతో కత్తిరింపవలెను. పెఱికిన చోట చర్మము చినుగును. అయితే కత్తిరించిన యీక తరువాతి ఈకలు రాల్చు కాలమువఱకు పెరుగదు. కావున అవసరమైనంత మేరయే కత్తిరింపుడు.

మన యిండ్లలో దొరకు వస్తువులను గుఱించి చెప్పవలసియున్నది. ఫినాయిలు, కిరసనాయిలు, సారాయి, కాల్చిన బూడిద, సున్నము, వక్కపొడి నమిలిన ఉమ్మి, ఇన్నిటిని మేము గాయములపై చూచితిమి. ఇవి సూక్ష్మజీవులను చంపుటకంటె మాంసమును చంపుట ఎక్కువ. పసుపు మాట వేఱు. పసుపునకు కొంత గుణము కలదని మేమును ఒప్పుకొందుము. పైపై గీతకు అద్దిన నష్టము లేదు. కాని వంటింటి డబ్బాలోని పసుపును కుక్కపంటి లోతు గాయములో నింపినచో అది పైన బిరడావలె గట్టిపడి, లోపలి చీమును బయటికి రానీయదు. ఆ వృద్ధురాలు మేము చేరకమునుపే రెండింటికి పసుపు కూరియుండెను. దానిని మరల కడిగి తీయుటకు మాకు అరగంట పట్టినది. నొప్పి పోగొట్టునవియని అమ్ము లేపనములలో, పేరు చివర "కెయిన్" అని యుండు మందు కలిసినవి కొన్ని కలవు. వానిని పక్షులకు రాయరాదు. జిడ్డు లేపనములను ఈకలకు అంటనీయరాదు. అంటినచో ఈక నీరు పట్టును, ఆ సంగతి క్రింద చెప్పుదుము.

లోతైన పంటిగాయమును కుట్టరాదు, మూయరాదు. కుక్క, పిల్లి నోళ్లలోని సూక్ష్మజీవులు సూదివంటి పంటితో లోపలికి దిగును. పిల్లి నోట సామాన్యముగా నుండు పాశ్చురెల్లా అను జీవి బాతులకు కలరావంటి రోగమును తెచ్చు జాతియే. అందుచేత పిల్లి కఱచిన బాతు, గాయము కనబడకపోయినను, వైద్యుని మందు లేనిచో రెండు మూడు దినములలో చచ్చుట తఱచు. మా యాఱింటిలో మెడయందు రెండు చిన్న చుక్కలు మాత్రమే గల యొక బాతు మొదటి రెండు దినములు అన్నిటికంటె చలాకిగా తిరిగినది. మూడవనాడు దాని మెడ నిమ్మకాయంత వాచెను. వీపు చర్మము అఱచేయంత చినిగిన బాతునకంటె దానికే వైద్యుడు ఎక్కువ శ్రమపడవలసివచ్చినది. కావున ఈకలను ఊదుచు, వ్రేళ్లతో తడుముచు, ఱెక్కల క్రింద, తొడల సందున, తోక క్రింద తప్పక వెదకవలెను. తడుమునపుడు చర్మము క్రింద గాలి నిండి, నొక్కినచో కరకరలాడుచున్నట్లు తోచినచో లోపలి గాలిసంచి తెగినదని యర్థము. అది మన చేతిపని కాదు.

వైద్యుడు అయిదు దినములకు సూదిమందు ఇచ్చెను. ఇంటనున్న మనుష్యుల మాత్రలను విఱిచి పెట్టుట మహాప్రమాదము. నొప్పులకై మనము మ్రింగు డైక్లోఫినాక్ మాత్ర సంగతి చదువరు లెఱుగుదురు. దానిని వాడిన గొడ్ల కళేబరములను తిని మన దేశపు రాబందులు నశించుటచేత, 2006లో పశువులకు దానిని వాడుట నిషేధింపబడినది. మందు పుచ్చుకొనుచున్న బాతు పెట్టు గ్రుడ్లను, వైద్యుడు చెప్పిన గడువు తీఱువఱకు, తినరాదు, అమ్మరాదు. ఆ వృద్ధురాలు ఈ మాటకు చాల కష్టపడినది. పెట్టినవి నాలుగో అయిదో గ్రుడ్లే, అయినను అవి వాయిదా సొమ్ములోనివి. ఆమె వానిని పూడ్చివేసినది. ఈ సంగతి వ్రాయుట మాకు సంతోషము.

విఱిగిన ఱెక్కను దాని సహజమైన మడతలో నుంచి, మెత్తని గుడ్డపేలికతో ఎనిమిది అంకె ఆకారమున ఱెక్కకు ఱెక్కయే చుట్టి కట్టవలెను. ఱొమ్ముచుట్టు బిగించి కట్టరాదు. పక్షికి మనకువలె ఊపిరితిత్తుల క్రింద కండపు తెర లేదు. ఱొమ్ముటెముక ముందు వెనుకలకు కదలుటచేతనే దానికి ఊపిరి యాడును. ఱొమ్ము బిగించిన బాతు గంపలో పడుకొన్నట్లే పడుకొని ఊపిరాడక చచ్చును. దానిని చూచినవారు దెబ్బవలన చచ్చెనని యనుకొందురు. పక్షి యెముక మూడు వారములలో సామాన్యముగా అతుకుకొనును. కాలు విఱిగినచో వైద్యునికే వదలుడు.

ఈగ సంగతి మఱువరాదు. తడి గాయమును ఈగ వెదకుకొని వచ్చును. అది పెట్టిన గ్రుడ్లు ఒక పగటిలోనే పురుగులగును. వీపు చినిగిన బాతును మేము రోజు రెండుపూటల చూచుచునే యుంటిమి. అయినను మూడవనాడు తోక క్రింది మడతలో పురుగులు కనబడినవి. గాయమున్న చోట కాక, గాయమునుండి కాఱిన తడి నిలిచిన చోట అవి పుట్టినవి. శ్రావణముతో ఒక్కొక్కదానిని ఏరి, ఉప్పునీటితో కడిగి, వైద్యునికి చూపితిమి. పశువుల పుండ్లకు వాడు టర్పెంటైను, కర్పూరపు నూనెలను బాతుమీద వాడరాదు. దోమతెర కప్పిన గంప యన్నిటికంటె మంచి మందు.

ఒకదానిని మాత్రము మేము బ్రదికింప యత్నింపలేదు. దాని ప్రేగులు వెలుపల మట్టిలో పడియుండెను. అట్టిదానిని వైద్యుడు వచ్చువఱకు ఉంచుట దయ కాదని, ఆమె యనుమతితో, ఒక్క క్షణములో దాని బాధ తీర్చితిమి. చచ్చిన వానిని తిందుమని కొందఱు వచ్చిరి. కుక్క చొంగ పట్టిన మాంసమును, ఎప్పుడు చచ్చినదో తెలియని పక్షిని తినరాదని చెప్పి, మోకాటిలోతు గోయి త్రవ్వించి సున్నము చల్లి పూడ్పించితిమి. కఱచిన కుక్క వెఱ్ఱిదేమో యను ననుమానమున్నచో, బాతును పట్టుకొన్నవారి చేతులమీద గాట్లుండినయెడల సబ్బుతో పదునైదు నిమిషములు కడిగికొని డాక్టరును చూడవలెను. బాతునకు వెఱ్ఱి పట్టి మనుష్యులను కఱచునను భయము వలదు. కాని దానిపై నున్న తడి చొంగ కుక్కదే కదా.

ఇచటనే మఱియొక మాట. గాయమేమియులేక బాతులో కోళ్లో హఠాత్తుగా చచ్చినచో అది కుక్క పని కాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారములలో పక్షిజ్వరము వచ్చి ఎంత నష్టము కలిగెనో మనకు తెలియును. ఆ రోగమును బాతు తాను పెద్దగా జబ్బుపడకయే మోయగలదు. అట్టి చావులను ముట్టుకొనక వెంటనే పశుసంవర్ధక శాఖవారికి తెలియజేయవలెను.

మేత, నీరు, తోడు

కోలుకొను బాతునకు మొదటి దినము నీటిలో నానబెట్టిన నూకలు, తవుడు పలుచగా కలిపి పెట్టవలెను. బాతు పొడి మేతను నీరు లేక మ్రింగలేదు. మేత గిన్నె ప్రక్కన నీటిగిన్నె లేనిచో తినుట మానివేయును. రెండవనాటినుండి మాంసము పెరుగుటకు కావలసిన బలము కావలెను. కొల్లేటి గట్టున ఇది కష్టము కాదు. ఉడికించి చితుకగొట్టిన చిన్నచేపలు, నత్తల మాంసము, ఉడికించిన గ్రుడ్డు, ఏదైనను మేలు. చేపలకు ఉప్పు పట్టియుండరాదు. వేరుసెనగ చెక్కను గుఱించి ప్రత్యేకముగా హెచ్చరింపవలసియున్నది. బూజు పట్టిన చెక్కలో పుట్టు అఫ్లాటాక్సిన్ అను విషము కాలేయమును చెడగొట్టును. పెంపుడు పక్షులలో బాతుపిల్లలు ఈ విషమునకు లొంగినంతగా మఱేవియు లొంగవు. ఆరోగ్యముగానున్న బాతే దానిని తట్టుకొనలేనప్పుడు గాయపడినది ఏమి తట్టుకొనును? చెక్క విఱిచి చూచి, బూజు వాసన వచ్చినచో ఎంత చౌకయైనను కొనకుడు.

బాతు నీటిపక్షి కదాయని గాయముతో చెఱువులోనికి విడుచుట పెద్ద పొరపాటు. మన చెఱువుల నీరు, అందును పశువులు దిగునది, గాయమునకు విషము. మఱియు తోకమొదటనున్న తైలపు గ్రంథినుండి ముక్కుతో జిడ్డు తీసి ఈకలకు రాచికొనుటచేతను, ఈకలను దువ్వి కూర్చికొనుటచేతను బాతునకు నీరు అంటదు. జబ్బుపడిన బాతు ఈ పని మానును. దువ్వని యీక స్పంజివలె నీరు పీల్చును. అట్టి బాతు నీటిలో దిగినచో తడిసి, చలిపట్టి, మునిగినను ఆశ్చర్యము లేదు. గాయమునకు గట్టి చర్మము కట్టువఱకు, ముక్కు కన్నులు కడిగికొనుటకు లోతైన గిన్నె చాలును. తరువాత వెడల్పైన తట్టలో శుభ్రమైన నీరు పోసి, ఎండపొద్దున పది నిమిషములు విడిచి, ఆఱిన పిదప లోపలికి తీయవలెను. నీరు దాని వీపుపై పూసలవలె జాఱిపోవుచున్ననాడు చెఱువునకు పంపవచ్చును. మేము దీనినే పరీక్షగా పెట్టుకొంటిమి.

తోడు సంగతి మందుకంటె తక్కువైనది కాదు. బాతు మందలో బ్రదుకు ప్రాణి. దానిని ఒంటరిగా పెట్టినచో గాయము మానుచున్నను మేత మానును. అట్లని మందలో విడిచినచో తక్కినవి ఎఱ్ఱగా కనబడు గాయమును పొడుచును, పోతుబాతు నీరసించిన ఆడబాతు నెక్కి మెడయీకలు పెఱుకును. ఈ రెండు చిక్కులకును నడుమ వల యొకటి అడ్డముగా కట్టుటయే ఉపాయము. ఒకదానికొకటి కనబడుచు, వినబడుచు నుండవలెను, తాకరాదు. మేము చదువుకొన్న మిషను పాఠశాల ఆవరణలో బాతులుండెడివి. జబ్బుపడిన బాతు గంపను అచటి వంటమనిషి మంద ప్రక్కకే తీసికొనిపోయి పెట్టుచుండెడివాడు. అప్పు డది మాకు మూఢాచారముగా తోచెడిది. అతడే సరి.

వీపు చినిగిన బాతు ఆ వృద్ధురాలి మనుమరాలిది. తొమ్మిదేండ్ల పిల్ల. పొదిగినది మొదలు ఆ పిల్ల చేతిలోనే పెరిగిన బాతగుటచే దానికి మందకంటె ఆ పిల్లయే తోడు. అది మొదటి దినమంతయు ముక్కు గడ్డిలో దూర్చి యుండెను. పిల్ల గంప ప్రక్కన కూర్చుండి, ముట్టుకొనవలదని మేము చెప్పుటచేత ముట్టుకొనక, పాఠముల పుస్తకము మెల్లగా చదువుచుండెను. సాయంకాలము అది తల యెత్తి, తానే నీరు త్రాగెను. ఇది వైద్యశాస్త్రమని మేము చెప్పము. పరిచయమైన గొంతు దగ్గఱ పక్షి వెఱపు తగ్గునను మాట మాత్రము నిజము.

గ్రుడ్లు ఎప్పుడు మరల పెట్టునని అందఱును అడుగుదురు. భయపడిన బాతు వెంటనే గ్రుడ్లు మానును. కొన్ని ఈకలును రాల్చును. మఱల పెట్టుటకు మూడు వారములు మొదలు ఆఱు వారముల వఱకు పట్టవచ్చును. మొదట తోలుగ్రుడ్లు వచ్చినచో భయపడక గుల్ల పొడి చేసి వేఱు గిన్నెలో పెట్టుడు. గ్రుడ్లు మానినదిగదాయని మేత తగ్గించుట తెలివితక్కువ.

గూటిని బాగుచేయుట

ఈ పనిని చివర వ్రాయుచున్నను, చేయవలసినది ఆ పగలే. ఒకమారు రుచి మరగిన జంతువు మఱునాటి రాత్రి తప్పక వచ్చును. వచ్చినది ఏదో మొదట తెలిసికొనవలెను. ఊరకుక్కలు తఱిమి తఱిమి వీపులు, వెనుక భాగములు చీల్చి, తినకయే వదలును. ముంగిస సందులో దూరి తల, మెడ కఱచి, ఒక్క రాత్రి పెక్కింటిని చంపును. నక్కయు, అడవిపిల్లియు సామాన్యముగా ఒకదానిని ఎత్తుకొనిపోవును. ఈకల దారి కనబడును. పందికొక్కు పిల్లలను కన్నములోనికి లాగును, పెద్దవాని కాళ్లు కొఱుకును. పగటిపూట పిల్లలు ఒక్కొక్కటిగా తఱుగుచున్నచో ఆకాశమువైపు చూడుడు. గ్రద్దయో కాకియో యగును.

విషపు ఉండలు పెట్టుదుమని ఆ యూరి పడుచువారు సిద్ధపడిరి. మేము వారించితిమి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ముంగిసను, నక్కను, అడవిపిల్లిని చంపుట నేరము. చట్టము మాట యటుంచినను, ఆ విషమును మొదట తినునవి మన పెంపుడు కుక్కలు, మన బాతులే. పైగా ముంగిసయు, అడవిపిల్లియు మన గాదెల యెలుకలను తినును. తలుపు మూయుట మఱచినవాడు అడవిని నిందించి ప్రయోజనము లేదు.

కోళ్లకు వాడు పలుచని వలను కుక్క పంటితో చింపును. అరయంగుళపు కన్నులుగల వెల్డింగు వలను కట్టవలెను. అడుగున దానిని గోడకు వెలుపల అడుగు వెడల్పున నేలపై మడచి, పైన మట్టి వేసి రాళ్లు పెట్టవలెను. త్రవ్వు జంతువు గోడ మొదటనే త్రవ్వును గాని అడుగు వెనుకకు పోయి త్రవ్వదు. తడిక గూడైనను ఈ యొక్క వల మడతతో చాలవఱకు రక్షణ కలుగును. గొళ్లెము రెండు కదలికలతో తీయునదిగా నుండవలెను. బాతులు చెట్టెక్కవు, గూటి కొయ్య నెక్కవు, నేలమీదనే పడుకొనును. కావున ప్రొద్దుగూకకమునుపే వానిని లోపల వేయుట తప్పనిసరి. ఉదయము తొందరపడి విడువ నక్కఱలేదు. బాతు గ్రుడ్లు చాలవఱకు తెల్లవాఱుజామునుండి తొమ్మిది గంటలలోపల పెట్టబడును. ఆ వేళవఱకు మూసియుంచినచో గ్రుడ్లు చేలలోను, కాలువలలోను పోక గూటిలోనే దొరకును. ఈ మాటను ఆ వృద్ధురాలికి చెప్పగా, "ఇన్నాళ్లూ ఎన్ని గుడ్లు నీళ్లపాలయ్యాయో!" అని నొచ్చుకొనెను.

ఆఱింటిలో రెండు పోగా నాలుగు బ్రదికినవి. వానితో మూడును కలిపి ఏడు. ఱెక్క విఱిగినదాని ఱెక్క కొంచెము వ్రేలాడును, గ్రుడ్లకు అడ్డులేదు. వీపు చినిగినదానికి మచ్చమీద ఈకలు రాలేదు. ఆ పిల్ల దానిని ఎండలోనికి పోనీయదు. మూడు వాయిదాలలో రెండు చెల్లినవి. మూడవదానికి సంఘము గడువిచ్చినది. మొన్న మేమా దారిని పోవుచు ఆగగా, ప్రొద్దు ఇంకను చెట్లపై నుండగనే ఆ పిల్ల బాతులను లోపలికి తోలి, గొళ్లెమును వేసి, తీసి, మఱల వేసి మాకు చూపినది.